ముద్దమందారానికి పిండినల్లి, మొగ్గలు రాలిపోతున్నాయి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మా డాబా మీద పెద్ద కుండీలో ఎర్ర ముద్దమందారం ఉంది. అమ్మ పూజకు రోజూ ఆ పూలే కోస్తుంది. ఎండలు ముదిరాక చిగుళ్లకు, మొగ్గల తొడిమలకు తెల్లటి దూదిలా పిండినల్లి పట్టింది. ఆకులు ముడుచుకుపోయాయి, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. కాండం మీద చీమల బారులు కూడా ఉన్నాయి.

లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొడుతున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, టెన్షన్‌గా ఉంది. పక్కనే తులసి, కరివేపాకు ఉన్నాయి కాబట్టి ఘాటు మందులు వద్దనుకుంటున్నాను.

పురుగు పట్టిన కొమ్మలన్నీ ఇప్పుడే కత్తిరించవచ్చా, లేక ఈ ఎండలకు మొక్క తట్టుకోదా? తొలకరి దాకా ఆగాలా? చీమలు కుండీ ఎక్కకుండా మీరు ఏం చేస్తారు? మందారం పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.