క్యాష్ క్లియర్ అంటే గల్లా ఖాళీ చేయడమా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట కావాలి. ముందు సంగతి చెప్తాను.

మా చీరల దుకాణానికి చిన్న వెబ్‌సైటు ఉంది. శ్రావణమాసం ముందు ధరలు మార్చాం. మా కంప్యూటర్లో కొత్త ధర కనబడుతోంది, కాకినాడలో ఉన్న ఒకావిడ ఫోన్లో మాత్రం పాతదే. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టి, "ఇదేంటమ్మా, మూడొందలు ఎక్కువ చెప్తున్నారు?" అంది. ఇంకేం చేస్తాం, పాత ధరకే ఇచ్చాం. పేజీ త్వరగా తెరుచుకోవాలని సర్వరూ ఫోనూ దాచిపెట్టుకునే కాపీలని క్యాష్ అంటారు. ఆ రాత్రే కూర్చుని ఆ క్యాష్ దానంతటదే క్లియరయ్యేలా సెట్ చేశాను. ధర మార్చి సేవ్ నొక్కగానే ఆ చీర పేజీ, అది కనబడే జాబితా పేజీ, హోం పేజీ, మూడింటి పాత కాపీలూ పోతాయి. ఏదైనా మిగిలిపోతుందేమోనని తెల్లవారుజామున మూడింటికి మొత్తం ఒకసారి.

పని అయిపోయింది, చిక్కు కాగితం దగ్గర వచ్చింది. షాపులో వాళ్ల కోసం తెలుగులో రాసి గల్లాపెట్టె పక్కన అంటించాను: "ధర మార్చగానే క్యాష్ ఆటోమేటిగ్గా క్లియర్ అవుతుంది. అవకపోతే క్లియర్ క్యాష్ బటన్ నొక్కండి." లెక్కలు చూసే బాబాయిగారు అది చదివి సాయంత్రం దాకా ఏం అనలేదు. షట్టర్ దించే ముందు మెల్లగా అడిగారు. "అమ్మాయ్, క్యాష్ ఆటోమేటిగ్గా క్లియర్ అయితే ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?"

నవ్వకండి, ఆయన తప్పేం లేదు. వ్యాపారంలో క్యాష్ క్లియర్ చేయడమంటే బాకీ తీర్చడమే. ఇంగ్లిషులో స్పెల్లింగైనా వేరు, తెలుగులో రాస్తే రెండూ ఒకటే. దీనికి మాటేదైనా ఉందా?

జవాబు: ఫోన్ తెలుగులో పెట్టుకుంటే "కాష్" అని కనబడుతుందండి. రాతలో తేడా తెలుస్తుంది గానీ నోటితో అలా అనేవాళ్లని నేను చూడలేదు. మా ఆఫీసులో సగంమంది "క్యాచీ" అంటారు. అసలు ఫ్రెంచిలో దాచడం అనే మాట నుంచి వచ్చింది. డబ్బు క్యాష్ మాత్రం పెట్టె అనే మాట నుంచి. ఒకటి పెట్టె, ఒకటి దాపరికం.

జవాబు: దాచడమే అయితే "దాపుడు" ఉందిగా. మా అమ్మమ్మ పెళ్లిళ్లకి కట్టే చీరని దాపుడు చీర అనేది.

నేను: మాట బాగుంది మాస్టారూ. కానీ చీరల షాపులో "దాపుడు తీసేయండి" అని రాస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

జవాబు: కోశం అంటే సరి.

నేను: బాబాయిగారు మా వీధి వినాయక చవితి కమిటీకి కోశాధికారి అండీ.

జవాబు: "నిల్వ"? అందరికీ తెలిసిన మాట.

నేను: ఆయన్నే అడిగాను. చిట్టాలో చివరి గీత చూపించారు. "నగదు నిల్వ" అని ఉంది. ఏ మాట పట్టుకున్నా మళ్లీ గల్లాపెట్టె దగ్గరికే వస్తున్నాం.

జవాబు: సర్వర్లతో పదేళ్లుగా కుస్తీ పడుతున్నవాణ్ణి, కాస్త పెద్దగా రాస్తున్నా. ఈ పేరు తంటా మనకే కాదు. 1965లో మారిస్ విల్క్స్ అనే బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఇలాంటి మెమరీ గురించి రాస్తూ "బానిస మెమరీ" అన్నాడు. 1968లో ఐబీఎం కంపెనీ సిస్టమ్/360 మోడల్ 85 అనే కంప్యూటర్ గురించి వాళ్ల పత్రికలో వచ్చిన వ్యాసాలతో క్యాష్ అనే మాట నిలబడింది. కంప్యూటర్ సైన్సులో కష్టమైనవి రెండే, ఒకటి క్యాష్‌ని చెల్లకుండా చేయడం, రెండోది పేర్లు పెట్టడం అని ఫిల్ కార్ల్‌టన్ అనే కంప్యూటర్ ఇంజినీరు పేరుమీద ఒక మాట తిరుగుతుంటుంది. అక్కగారికి రెండూ ఒకేసారి తగులుకున్నాయి.

నన్నడిగితే పెట్టెకి పేరు వెతకడం మానేయండి. లోపల ఉన్నదాని స్థితి చూడండి, మాటలు వంటింట్లోనే దొరుకుతాయి. వెబ్ పేజీలు పంపుకునే నియమాల్ని హెచ్‌టీటీపీ అంటారు. 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ క్యాషింగ్ ప్రమాణం కాపీలను రెండు రకాలుగా చూస్తుంది, ఫ్రెష్, స్టేల్. ఫ్రెష్‌కి తాజా ఉంది. స్టేల్ దగ్గరికి రాగానే మనవాళ్లు "పాతబడిన" అనేసి ఊరుకుంటారు. మనకి అంతకంటే మంచి మాటుంది. చద్ది. రాత్రి వండిన అన్నం పొద్దున్నకి చద్ది, అంతేగానీ చెడిపోయినట్టు కాదు. చెడిపోతే దాన్ని పాచిపోయింది అంటాం, పారబోస్తాం. సర్వర్ లెక్కలో స్టేల్ అంటే చద్దే. గడువు దాటింది, ఇంకా బాగుందో లేదో వాసన చూసి వడ్డించొచ్చు. 2010లోనే దీనికో పద్ధతి రాసిపెట్టారు: వచ్చినవాళ్లకి ముందు చద్ది పెట్టేయ్, లోపల పొయ్యిమీద వేడన్నం పడెయ్, తరవాత వచ్చేవాళ్లకి అది పెట్టు. చీర బొమ్మకి చద్ది చాలు. ధరకి పనికిరాదు.

జవాబు: పోతన భాగవతంలో కృష్ణుడి ఎడమచేతిలో ఉన్నది చల్దిముద్దే. చల్దే చద్ది అయింది. పెద్దల మాట చద్దిమూట అన్నవాళ్లం, దాన్ని స్టేల్‌కి పెడితే ఇంగ్లిషు వాళ్ల ఈసడింపు పోయి గౌరవం వస్తుంది. నాకు నచ్చింది.

నేను: నాకూ నచ్చింది. కానీ నాకు కావలసింది క్రియ. క్లియర్ అనాలా, పర్జ్ అనాలా, ఫ్లష్ అనాలా? ఒక్కో చోట ఒక్కోటి రాస్తున్నారు.

జవాబు: పర్జ్ వద్దమ్మా. నేను ఫార్మసిస్టుని, మాకు అది విరేచనం. ఫ్లష్ సంగతి చెప్పక్కర్లేదు.

జవాబు: (సర్వర్ల తమ్ముణ్ణే) తీసేయడం వేరు, చెల్లకుండా చేయడం వేరు అక్కా. రెండో దాంట్లో కాపీ డిస్క్ మీదే ఉంటుంది, సర్వర్ దాన్ని బయటికి ఇవ్వదు, అంతే. వార్నిష్ అని వెబ్‌సైట్ల క్యాష్ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఈ రెండింటికీ వేర్వేరు ఆదేశాలున్నాయి.

నేను: ఇది బాబాయిగారికి చదివి వినిపించాను. ఆయనకి ఒక్క క్షణం పట్టలేదు. "2016 నవంబర్ 8 రాత్రి లాగా అన్నమాట. ఐదొందల నోట్లు బీరువాలోనే ఉన్నాయి, మర్నాటి నుంచి చెల్లలేదు" అన్నారు. ఇన్‌వ్యాలిడేషన్, అంటే ఈ చెల్లకుండా చేయడం, గురించి నేను ఎక్కడెక్కడో చదివాను, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. క్యాష్‌ని అర్థం చేసుకోడానికి మళ్లీ క్యాషే కావలసొచ్చింది.

జవాబు: ఆ పోలిక ఇంకాస్త దూరం వెళ్తుంది అక్కా. మీ సర్వర్లో తీసేసినా ఆ కాకినాడ ఆవిడ ఫోన్లో ఉన్న కాపీ జోలికి మీరు పోలేరు, అది ఆవిడ బీరువా. పేజీతో పాటే దాని గడువు ముందే రాసి పంపాలి. పేజీకి నో-క్యాష్ అనే సూచన పెట్టండి. బొమ్మలకి గడువు 31536000 సెకన్లు, అంటే ఏడాది. బొమ్మ మారితే ఫైలు పేరు మార్చండి, కొత్త పేరుకి పాత కాపీ ఉండదు.

జవాబు: నో-క్యాష్ పెడితే ఫోన్లో అసలు దాచుకోదు కదా, సైటు నెమ్మదించదూ?

జవాబు: అందరూ పడే గోతిలోనే పడ్డారు మేడమ్. పేరు ఒకటి, పని ఒకటి. నో-క్యాష్ అంటే దాచుకో, కానీ వడ్డించే ముందు ప్రతిసారీ నన్నడుగు అని. మార్పు లేకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబిస్తుంది, పేజీ మళ్లీ దిగదు. అసలు దాచుకోవద్దనాలంటే నో-స్టోర్. తెలుగులో "అడిగి వాడు", "దాచొద్దు" అని రాస్తే ఇంగ్లిషు కంటే తేలిగ్గా అర్థమవుతుంది.

నేను: నో-క్యాష్ నేనూ ఇన్నాళ్లూ తప్పుగానే అనుకున్నాను. ఇవాళ మార్చేశాను. కాగితం కూడా తిరగరాశాను, పెట్టెకి పేరే పెట్టలేదు:

"ధర మార్చి సేవ్ నొక్కగానే ఆ చీర పాత కాపీలు తీసేయబడతాయి. రెండు నిమిషాల తర్వాత కూడా పాత ధరే కనబడితే ‘పాత కాపీలు తీసెయ్’ బటన్ నొక్కండి. గల్లాపెట్టెకి దీంతో సంబంధం లేదు."

చివరి వాక్యం బాబాయిగారు చేర్చమన్నారు.

జవాబు: అంతా బాగుంది గానీ "తీసేయబడతాయి" ఎందుకమ్మా? "పోతాయి" చాలు.

నేను: మార్చాను మాస్టారూ. కొత్తది అంటించి పాత కాగితం చింపేశాను.