వార్నింగ్ కాగితం ఇచ్చేశాక కూడా పోలీసు మనల్ని ఆపి ఉంచొచ్చా?

ఒమాహా రవి:
వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది, ఇక్కడ తేల్చుకుందాం. అమెరికాలో మా నెబ్రాస్కా రాష్ట్రం కేసే. 2012 మార్చిలో ఓ అర్ధరాత్రి, కారు రోడ్డు దిగి షోల్డర్ ఎక్కిందని ఒకాయన్ని ఆపారు. గుంత తప్పించబోయానన్నాడు. కాగితాలన్నీ చూసి, వార్నింగ్ రాసిచ్చాడు పోలీసు. ఆ తర్వాత, డ్రగ్స్ వాసన పట్టే పోలీసు కుక్కను కారు చుట్టూ తిప్పనా అని అడిగాడు. ఆయన వద్దన్నాడు. అయినా వదల్లేదు. రెండో ఆఫీసర్ వచ్చేదాకా నిలబెట్టి తిప్పాడు. వార్నింగ్ ఇచ్చిన ఏడెనిమిది నిమిషాలకు కుక్క పసిగట్టింది, కార్లో మెథ్ అనే మత్తుమందు దొరికింది. 2015లో సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది: ట్రాఫిక్ పని అయిపోయాక, తగిన అనుమానం లేకుండా ఆపి ఉంచడం, అకారణంగా ఆపడం, సోదా చేయడం కూడదనే రాజ్యాంగం నాలుగో సవరణకు విరుద్ధం. నాకు సబబుగానే అనిపించింది.

సుధీర్:
రవి గారూ, డ్రగ్స్ దొరికాయి కదండీ! కాఫీ కోసం డ్రైవ్‌త్రూలో అంతకన్నా ఎక్కువసేపే ఆగుతాం. పైగా టికెట్ రాస్తుండగానే కుక్కను తిప్పితే తప్పులేదని 2005లో చెప్పింది ఈ కోర్టే. అంటే ఇద్దరు ఆఫీసర్లుంటే ఒప్పు, ఒక్కడే ఉంటే తప్పా?

ఒమాహా రవి:
కుక్క వల్ల ఆలస్యం పెరిగిందా లేదా అన్నదే లెక్క. డ్రైవ్‌త్రూ లైన్లోంచి మీరు ఎప్పుడైనా బయటికి వచ్చేయొచ్చు. ఇక్కడ కదిలితే ఏమవుతుందో మీకూ తెలుసు. దొరికినవాడి సంగతే కోర్టుదాకా వస్తుంది. ఏమీ దొరకక, అరగంట రోడ్డు పక్కన నిలబడి ఇంటికెళ్లినవాళ్ల సంగతి ఎవరు చూస్తారు? ఇంకోటి, ఆయనేం బయటపడలేదు. పోలీసు అప్పట్లో అమల్లో ఉన్న తీర్పుల్ని నమ్మే అలా చేశాడు కాబట్టి సాక్ష్యం చెల్లుతుందని అప్పీలు కోర్టు శిక్షను అలాగే ఉంచింది.

లక్ష్మి, డాలస్:
మీరు నిమిషాలు లెక్కపెడుతున్నారు గానీ, మనవాళ్లు అంతదాకా రానిస్తేగా! "కారు ఒకసారి చూడొచ్చా?" అనగానే "యెస్ సర్" అనేస్తారు. వీసా టెన్షన్ అలాంటిది. కాదనే హక్కు ఉందని పోలీసు మనకు చెప్పక్కర్లేదని 1973లోనే తీర్పొచ్చింది. మా మరిది అలాగే ఒప్పుకున్నాడు. డిక్కీలో ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, సున్నిపిండి. ఆ పిండి ప్యాకెట్ విప్పి, వేలితో నలిపి, ఇదేంటని మూడుసార్లు అడిగారట. ఒంటికి రాసుకునేదని చెబితే నమ్మరే!

సుధీర్:
సున్నిపిండికి నవ్వొచ్చింది గానీ లక్ష్మి గారూ, వద్దంటే అనుమానం పెరగదా?

లక్ష్మి, డాలస్:
వద్దన్నంత మాత్రాన అది వెతకడానికి కారణం కాదు. అలాగని వాదన పెట్టుకోకూడదు. కారు దిగమంటే దిగాల్సిందే, 1977 నుంచీ అంతే. గంజాయి నిషేధమున్న మా టెక్సస్‌లో కార్లోంచి ఆ వాసన వచ్చిందంటే వారంటు కూడా అడగరు. కార్ల విషయంలో ఆ మినహాయింపు 1925 నుంచీ ఉంది.

సుధీర్:
సరే, పోలీసులు తెలివిమీరి, కుక్క వచ్చేదాకా టికెట్టే నెమ్మదిగా రాస్తే?

ఒమాహా రవి:
రాస్తారు కూడా. అందుకే కోర్టు ఆ పనికి మామూలుగా ఎంతసేపు పట్టాలో చూస్తుంది. డాష్‌క్యామ్ వీడియో ముందు పెట్టుకుని లాయర్లు కొట్టుకునేది ఆ నిమిషాల మీదే.