కరోనాలో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు పెట్టడం న్యాయమేనా?

విద్యానగర్_శీను:
2020 సెప్టెంబరు నెలాఖరులోగా ఆఖరి ఏడాది పరీక్షలు పెట్టి తీరాలని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ జూలై 6న చెప్పింది. ఆగస్టు 28న సుప్రీంకోర్టూ సమర్థించింది. పరీక్షల్లేకుండా పాస్ చేసే అధికారం రాష్ట్రాలకు లేదు, కావాలంటే గడువు పెంచమని అడగొచ్చు అంది. మన తెలంగాణలో టెన్త్ పిల్లల్ని జూన్‌లోనే పరీక్షలు లేకుండా పాస్ చేశారు. డిగ్రీ దగ్గరే ఎందుకంత పట్టుదల? పెత్తనం పోతుందన్న భయం తప్ప ఇంకేం లేదు.

లెక్కల_సార్:
పరీక్ష ఎత్తేస్తే మునిగేది పేదోడే తమ్ముడూ. నేను శివారు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. పెద్ద కాలేజీవాడికి కాలేజీ పేరే చాలు. మా పిల్లల చేతిలో మార్కుల మెమో తప్ప ఏముంది? దాన్నీ ‘కరోనా బ్యాచ్’ అని పక్కన పడేస్తే?

పాలమూరు_పిల్ల:
మెమో దాకా వస్తే కదా సార్! మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమంటే రెండు జతల బట్టలతో ఊరెళ్లా. నోట్సంతా గదిలోనే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్, క్లాసులేమో నాకూ తమ్ముడికీ. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చుంటే, లెక్చరర్ మొదటి మాట ‘కెమెరా ఆన్ చేయండి’. 2017-18 జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్లు నూటికి 4, ఇంటర్నెట్ ఉన్నవి 15. గడువు పెట్టిన పెద్దలకు ఈ లెక్క తెలియదా?

మేం రద్దు చేయమనలేదు, ముందు హాస్టల్ తెరవమన్నాం. వాట్సాప్ గ్రూపులో అడిగితే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా లాక్ చేశారు. అప్పుడు అందరం మాట్లాడుకుని ఒకరోజు ఆన్‌లైన్ క్లాసుకు ఎగనామం పెట్టాం. తర్వాత పుస్తకాలు తీసుకోవడానికని ఒక్కపూట గేటు తీశారు, అంతే. హైదరాబాద్‌లో సిటీ బస్సులు మళ్లీ రోడ్డెక్కిందే సెప్టెంబరు 25న. పరీక్షలకు ఆటో చార్జీలు ఎవరిచ్చారు?

లెక్కల_సార్:
కెమెరా గొడవ మా సరదా కాదమ్మా. ఎంతమంది ఉన్నారో స్క్రీన్‌షాట్ పంపమని మేనేజ్‌మెంట్ రోజూ అడిగేది. జీతం సగమే, అదీ ఆగి ఆగి. యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ చేసే మిత్రుడికైతే క్లాసుకింత అని లెక్క, క్లాసు లేకపోతే పైసా రాదు. పరీక్ష ఉండాలన్న మాట మీదే ఉన్నా. గడువు మాత్రం గట్టిగా అడగాల్సింది.

విద్యానగర్_శీను:
మరి మీరెందుకు అడగలేదు సార్?

లెక్కల_సార్:
అడిగినవాళ్ల పేరు మరుసటి నెల టైమ్‌టేబుల్లో ఉండేది కాదు.

పాలమూరు_పిల్ల:
ల్యాబ్ ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు సార్. లాక్‌డౌన్ తర్వాత ఆ ల్యాబ్ తాళం తీసిందే లేదు.