పక్షవాతం తర్వాత అత్తమ్మ పాదం పైకి లేవడం లేదు, ఎలాంటి చెప్పులు కొనాలి?

ఖమ్మం కోడలు:
మా అత్తమ్మకు 63 ఏళ్లు. పోయిన దసరాకు ముందు పక్షవాతం వచ్చింది, ఎడమ వైపు. ఇప్పుడు నడుస్తున్నారు గానీ ఎడమ పాదం ముందు భాగం లేవదు, వేళ్లు వాలిపోయి నేలకు రాసుకుంటాయి, అందుకని కాలు మొత్తం పక్కకు తిప్పి వేస్తారు. డాక్టర్ ఫుట్ డ్రాప్ అన్నారు. పిక్క వెనక నుంచి అరికాలి కిందికి వచ్చే తెల్ల ప్లాస్టిక్ స్ప్లింట్, అదే ఏఎఫ్‌ఓ, కొలత తీసి చేయించాం. అది పెట్టుకుంటే ఏ చెప్పులోనూ కాలు పట్టదు. జీవితమంతా హవాయి చెప్పులే వేసుకున్న మనిషి, ఇప్పుడు అవి రెండడుగులకే జారిపోతున్నాయి. ఒక షాపులో "గ్రిప్ బాగుంటుంది" అని లోతు గాళ్లున్న స్పోర్ట్స్ షూ అంటగట్టారు, అది వేసుకున్న మూడో రోజే హాల్లో టైల్స్ మీద బోర్లా పడ్డారు. దేవుడి దయ, విరగలేదు. ఇప్పుడు నడవమంటేనే టెన్షన్ పడుతున్నారు, గోడ వదలడం లేదు. ఇంకో సంగతి, మెట్టెలు తీయనంటారు, వంటింట్లోకి షూ వద్దంటారు. ఆ పట్టింపులు నాకు అర్థమవుతాయి, బలవంతం చేయాలని లేదు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ఏం వాడుతున్నారో చెప్పండి.

ఫిజియో, వరంగల్:
అమ్మా, మీ అత్తమ్మగారు పడటానికి ఆ గ్రిప్పే కారణం అయ్యుంటుంది. మామూలు మనిషికి గ్రిప్ మంచిదే, కానీ పాదం లేవని వాళ్లకు కాలు ముందుకు వచ్చేటప్పుడు షూ ముక్కు నేలను తాకుతుంది, అక్కడ మెత్తటి రబ్బరు ఉంటే బ్రేకు వేసినట్టు పట్టేస్తుంది, ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లిపోతుంది. కాబట్టి మడమ దగ్గర పట్టు ఉండాలి, వేళ్ల కొసన నున్నగా ఉండి కొంచెం పైకి వంగి ఉండాలి. ఉన్న షూనే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి ముందు అంచు అరగదీయించి, అక్కడ పలుచటి నున్నటి తోలు ముక్క అతికించమనండి. చిన్న పనే, నా పేషెంట్లలో చాలామందికి దీంతోనే తట్టుకోవడం తగ్గింది.

కొత్తవి కొనేటప్పుడు స్ప్లింట్ లేకుండా షాపుకి వెళ్లొద్దు. స్ప్లింట్‌కి తగ్గట్టు షూ వెతకాలి. సాయంత్రం వెళ్లండి, అప్పటికి కాళ్లు కొంచెం వాచి ఉంటాయి. నోరు వేళ్ల దాకా తెరుచుకునే వెల్‌క్రో షూ, లోపలి అట్ట ఊడి వచ్చేది చూడండి. ఎడమ దాంట్లో ఆ అట్ట తీసేస్తే స్ప్లింట్‌కి చోటు దొరుకుతుంది. సాధారణంగా ఒక సైజు పెద్దది పడుతుంది, అప్పుడు కుడి కాలికి వదులైతే అందులో ఒక అట్ట అదనంగా వేయండి, కానీ రెండు కాళ్లు ఒకే ఎత్తుకు ఉండేలా చూసుకోండి. ఎత్తు తేడా వస్తే నడుము నొప్పి, తూలడం రెండూ మొదలవుతాయి.

చేత్తో పట్టుకుని వంచి చూడండి: వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. తడి బట్ట పిండినట్టు మెలితిప్పండి, మెలి తిరిగిందంటే పక్కన పెట్టేయండి. నొక్కితే దిగిపోయే మెత్తటి ఫోమ్ సోల్ వేసుకోగానే హాయిగా ఉంటుంది, కానీ బ్యాలెన్స్ లేనివాళ్లకు అది పరుపు మీద నడిచినట్టే, నేల తెలియదు. మడమ ఎత్తు మార్చొద్దు, ఆ స్ప్లింట్ కోణం ఒక ఎత్తుకు లెక్క కట్టి చేస్తారు, ఎత్తు పెరిగితే మోకాలు ముందుకు తోసుకుంటుంది. స్ప్లింట్ ఒక్కటే పెట్టుకుని టైల్స్ మీద అసలు నడవనివ్వకండి, ఆ ప్లాస్టిక్ జారుతుంది.

పాత డ్రైవర్, కర్నూలు:
నాది వేరే కథ చెల్లెమ్మా. నాకు కుష్టు వచ్చింది, ఏడాది మందులు ఉచితంగా ఇచ్చారు, జబ్బు పూర్తిగా పోయింది, కానీ మోకాలి పక్క నుంచి దిగే నరం అప్పటికే దెబ్బతిని కుడి పాదం వాలిపోయింది, ఇంకో నరం దెబ్బతిని అరికాలు మొద్దుబారింది. నాకు ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు ఇచ్చారు, లోపల మెత్తటి రబ్బరు, కింద గట్టి సోల్, మడమ వెనక బెల్టు. వాటికి మేకులు కొట్టరు, అంటించి కుట్టడమే, ఎందుకంటే మేకు గుచ్చుకున్నా మాకు తెలియదు. పాదం లేపడానికి చెప్పు ముందు ఒక రింగు కుట్టించి, చీలమండ పైన కట్టే పట్టీకి ఎలాస్టిక్ తగిలించుకుంటాను.

నేను చెప్పేది ఒకటే, ఆవిడకు అరికాల్లో స్పర్శ ఎంత ఉందో చూడండి. కళ్లు మూసుకోమని దూదితో తాకితే తెలిసిపోతుంది. స్పర్శ తక్కువైతే వేసుకునే ముందు ప్రతిసారీ షూ బోర్లించి తట్టి, లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఒకసారి నా చెప్పులో చింతగింజ పడింది, సాయంత్రం దాకా దాని మీదే నడిచాను, ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

నెల్లూరు అమ్మాయి:
మా అమ్మకూ ఎడమ వైపే అక్కా, మెట్టెల గొడవ మాకూ అయింది. షూలో మెట్టె పక్క వేలిని ఒత్తి ఎర్రగా కమిలింది. తీయమంటే ఏడ్చింది. చివరికి పూలూ మువ్వలూ లేకుండా సన్నటి చుట్టు మెట్టె చేయించాం, ముందు వెడల్పుగా ఉన్న షూ తీసుకున్నాం. మొదటిరోజు ఇరవై నిమిషాలు నడిపించి షూ విప్పి చూశాం, ఎర్రమచ్చ కాసేపటికి పోతే పర్లేదు, పోకపోతే ఆ షూ వద్దని ఫిజియో చెప్పారు. వేళ్లు బయటికి కనిపించే శాండిల్ మాత్రం వద్దు, గడపకు తగిలి అమ్మ బొటనవేలు గోరు లేచిపోయింది.

ఇంట్లోకి ఇంకో జత కొని దాన్ని ఒక్కసారి కూడా వీధిలోకి తీయలేదు. బయట తొక్కనిది కాబట్టి వంటింట్లోకి అమ్మ ఒప్పుకుంది. దేవుడి గదిలోకి ఒప్పుకోలేదు, గుమ్మం బయట చేతులున్న కుర్చీ వేశాం, అక్కడి నుంచే దీపం చూసి దండం పెట్టుకుంటుంది. వెల్‌క్రో పట్టీ రింగులోంచి వెనక్కి తిరిగి వచ్చే రకం అయితే ఒంటిచేత్తో లాగి బిగించుకోవచ్చు. అమ్మకు తన షూ తనే వేసుకోవడం వచ్చిన రోజు ముఖం చూడాలి.

ఇంకోటి, చీర కుచ్చిళ్లు. షూ వేశాక కూడా రెండుసార్లు తూలింది, చూస్తే షూ ముక్కు కుచ్చిళ్లలో చిక్కుకుంటోంది.

ఖమ్మం కోడలు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. కుచ్చిళ్ల సంగతి నాకు తట్టనే లేదు. ఇవాళ చీర నాలుగు వేళ్లు పైకి కట్టించి హాల్లో నడిపించాను, కిందికి చూడకుండా కిటికీ దాకా వెళ్లారు. దూదితో కూడా చూశాను అన్నా, చిటికెన వేలి వైపు తాకితే చెప్పలేకపోతున్నారు, ఇక రోజూ రాత్రి పాదం నేనే చూస్తాను. స్పోర్ట్స్ షూ ముక్కు అరగదీయడానికి ఇచ్చి వచ్చాం. రేపు సాయంత్రం స్ప్లింట్ సంచిలో పెట్టుకుని ఇంటి జత కోసం వెళ్తున్నాం, అత్తమ్మ ఇప్పటికే రంగు చెప్పేశారు, మెరూన్ కావాలట.