ఫైలేరియా మాత్రలు: ఏ జబ్బూ లేనివాళ్లు మింగాలా, వద్దా?

మెట్టఊరు:
నిన్న ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బోదకాలు (ఫైలేరియా) రాకుండా ఇచ్చే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు తన ఎదురుగానే మింగమంది. నేను మింగలేదు. మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు. క్రితంసారి మింగిన మా తమ్ముడు రాత్రంతా జ్వరంతో, తల తిరుగుడుతో బాధపడ్డాడు. రోగం లేని ఒంటికి మందెందుకు?

ల్యాబ్‌మనిషి:
రోగం లేదని ఎలా తేల్చారు? బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలో ఎక్కువగా తిరిగేది రాత్రిపూట. అందుకే మేం 8 గంటలు దాటాక వేలు గుచ్చి రక్తం తీస్తాం. స్లైడులో పురుగులు కనబడ్డవాళ్లలో చాలామందికి కాళ్లు మామూలుగానే ఉంటాయి. వాళ్లను కుట్టిన దోమే పక్కింటివాళ్లను కుడుతుంది. మీ తమ్ముడి జ్వరం కూడా పురుగు పిల్లలు చావడం వల్ల వచ్చిందై ఉండొచ్చు.

దోమకాటు:
మురుగు నీళ్లలో క్యూలెక్స్ దోమలు పెరుగుతుంటే అది వదిలేసి జనం చేత మాత్రలు మింగిస్తారా? 2004 నుంచీ బోదకాలున్న జిల్లాల్లో ఇదే పని. కాలువలు బాగుచేయండి ముందు.

సైన్స్‌పంతులు:
కాలువలూ బాగుపడాలి, కాదనను. కానీ ఒంట్లో చేరిన పురుగు శోషరస నాళాల్లో 5 నుంచి 7 ఏళ్లు బతుకుతుంది. ఆ నాళాల పనేమిటో చూడండి. రక్తంలోంచి కండల మధ్యకు ఊరిన ద్రవాన్ని, ప్రోటీన్లతో సహా, రోజూ లీటర్ల కొద్దీ తోడి మెడ దగ్గర సిరల్లో కలుపుతాయి. దారిలో బిళ్లలు దాన్ని వడకడతాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కట్టేది అందుకే. దీనికి గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు ముడుచుకోవాలి, పిక్కలు కదలాలి, ద్రవం వెనక్కి జారకుండా లోపలి కవాటాలు మూసుకోవాలి. డ్రెయిన్లో గుర్రపుడెక్కలా పురుగు అడ్డుపడుతుందని నేనూ పిల్లలకు చెప్పేవాణ్ణి, అది సరికాదు. పురుగున్న చోట నాళం సాగిపోతుంది, కవాటాలు సరిగా మూసుకోవు, ద్రవం కాల్లోనే నిలుస్తుంది. కాలు వాచకముందే ఇదంతా మొదలవుతుంది. అలా సాగిన నాళాన్ని మాత్ర బిగించలేదు. కనుక వాపు కనబడేదాకా ఆగకూడదు.

అమ్మకూతురు:
మీరన్నది నిజమే పంతులుగారూ, కానీ వాచిన కాళ్ల గతేమిటి? మా అమ్మకు 15 ఏళ్లుగా బోదకాలు. ఏటా మాత్రలిచ్చి వెళ్లారు, కాలు ఎలా కడుక్కోవాలో ఒక్కరూ చెప్పలేదు. వేళ్ల సందుల్లో ఒరిసి చిన్న పగులొస్తే చాలు, దాంట్లోంచి సూక్ష్మజీవులు దూరి కాలు ఎర్రబడేది, వణుకుతో జ్వరం వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త పెరిగేది. ఇప్పుడు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో తడి అద్దుతాను. పడుకునేటప్పుడు కాలికింద దిండు. నెలనెలా వచ్చే జ్వరం పోయిన ఏడాది ఒక్కసారే వచ్చింది. మాత్రల సంచితోపాటు ఈ నాలుగు మాటలూ ఇంటింటికీ రావాలి.

సైన్స్‌పంతులు:
ఒప్పుకుంటున్నానమ్మా. నా పోస్టులో అది రాయకపోవడం తప్పే.

మెట్టఊరు:
తమ్ముడికి రాత్రి రక్తపరీక్ష చేయిస్తాను. నేనూ మింగుతాను. మా నాన్నకు కిడ్నీ జబ్బు ముదిరింది, మా ఆవిడ గర్భిణి. వాళ్ల సంగతి?

ల్యాబ్‌మనిషి:
ఆవిడకు వద్దు. రెండేళ్లలోపు పిల్లలకూ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకూ ఇవ్వరు. నాన్నగారి విషయం డాక్టరుకు చెప్పండి. మీరు మాత్రం అన్నం తిన్నాకే మింగండి.