వీబీఎస్ కరపత్రంలో 'బహుమతులు ఉచితం' అని వేయాలా, వద్దా?

సండేస్కూలు అక్క, పర్లాకిమిడి:

అందరికీ వందనాలు. మే నెల మొదట్లో మా సంఘంలో, అంటే మా చర్చిలో, పిల్లలకు సెలవుల్లో నడిపే వెకేషన్ బైబిల్ స్కూలు (వీబీఎస్) పెడుతున్నాం. పది రోజులు, ఉదయం ఏడు నుంచి పదిన్నర వరకు. నిన్న కమిటీలో కరపత్రం నమూనా చూపించారు. పైన పెద్ద అక్షరాల్లో 'ప్రతి ఒక్కరికీ బహుమతి ఉచితం', దాని కింద స్కూలు బ్యాగు, టిఫిను డబ్బా, రంగు పెన్సిళ్ల బొమ్మలు. వీబీఎస్ అన్న మాట కోసం వెతికితే అడుగున, ప్రెస్ పేరుకు కాస్త పైన దొరికింది. నేను వద్దన్నాను. "పిల్లలు రాకపోతే పాఠం గోడలకు చెబుతావా అమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఎందుకంటే రెండేళ్ల క్రితం ఈ పని చేసి చూశాం. మొదటి రోజు హాలు పట్టలేదు. మూడో రోజుకు సగం ఖాళీ. ఆఖరి రోజు మళ్ళీ కిటకిట, అంతకుముందు ఎవరూ చూడని ముఖాలతో సహా. పెన్సిలు డబ్బాలు ఆరు తక్కువ పడ్డాయి. తక్కువ పడినవారిలో ఒక పాప ఉంది. పది రోజులూ వచ్చింది, పది కంఠత వాక్యాలూ తడబడకుండా ఒప్పచెప్పింది, మర్యాదగా వరుస చివర నిలబడింది. టీచరు కోసం దాచిన ఒక్క డబ్బా విప్పి ఆరుగురికీ రెండేసి పెన్సిళ్లు ఇచ్చాం. ఒక ఎరుపు, ఒక గోధుమ రంగు ఆ పాప చేతికి వచ్చాయి. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వేయాలా, వద్దా? వద్దంటే పిల్లలను పిలిచేది ఎలా? ఒట్టి 'వద్దు' అని రాసి వెళ్ళిపోకండి.

యూత్ బ్రదర్, గుణుపురం:

అక్కా, ఆ రోజు తప్పు బహుమతిది కాదు, లెక్కది. మొదటి రోజే పేర్లు రాసుకుని, హాజరు చూసి ఇస్తే ఆ పాపకే ముందు దక్కేది.

బడిలో మధ్యాహ్నం భోజనం పెడితే తప్పనరు. ట్యూషను సెంటరు బ్యాగు ఇస్తే తప్పనరు. సంఘం రంగు పెన్సిలు ఇస్తే మాత్రం అందరికీ మనస్సాక్షి గుర్తుకొస్తుంది! మే నెల ఎండలో, చేతిలో ఫోను, వీధిలో క్రికెట్టు ఉన్న పిల్లవాడు మన దాకా నడిచి రావాలంటే ఏదో ఒక ఆశ ఉండాలి. మా దగ్గర ఆటోకు మైకు కట్టి మూడు రోజులు తిప్పాం, బ్యాగులిస్తామని చెప్పాం. ఆ బ్యాగు కోసం వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు ఇప్పుడు మా పాటల బృందంలో ఉన్నారు. ఒకడు కీబోర్డు వాయిస్తాడు. ఆశపడి వచ్చినవాడు ఆశ తీరాక కూడా ఉండిపోకూడదా?

రిటైర్డు మాస్టారు, బరంపురం:

బాబూ, నువ్వు చెప్పింది నిజమే, ఉండిపోయేవాళ్ళు ఉంటారు. కానీ మనం ఉన్న రాష్ట్రం ఏదో గుర్తుంచుకోవాలి. 1967 నాటి ఒరిస్సా మతస్వేచ్ఛ చట్టం ఇప్పటికీ ఉంది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టం మొదట చేసింది మన రాష్ట్రమే. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్చడాన్ని అది నిషేధిస్తుంది. ప్రలోభం అంటే ఏమిటో చెప్పిన చోట, నగదుగా గానీ వస్తువుగా గానీ ఇవ్వజూపే కానుక అని ఉంది. మామూలుగా ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. అవతలివారు మైనరయినా, స్త్రీ అయినా, షెడ్యూల్డు కులానికో తెగకో చెందినవారయినా రెండేళ్లు, 10,000.

పిల్లలకు కథ చెప్పి పాట నేర్పడం మతం మార్చడం కాదు. పెన్సిలు ఇచ్చినంత మాత్రాన నేరమూ కాదు. కానీ 'ఉచితం' అని అచ్చు వేయించి వీధివీధికీ పంచిన కాగితం రేపు ఎవరి బల్ల మీదనైనా పడితే, దాని వెనక మన ఉద్దేశం ఏమిటో ఆ కాగితం చెప్పదు. పేద పిల్లలకు వస్తువు ఎర చూపారని మాత్రం చెబుతుంది.

ఇంకొకటి. ఆటో మైకుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం అది తప్పనిసరి.

యూత్ బ్రదర్, గుణుపురం:

అనుమతి తీసుకున్నాం మాస్టారూ, కాగితం నా దగ్గరే ఉంది. అయితే భయపడి పని మానుకోవాలంటారా?

రిటైర్డు మాస్టారు, బరంపురం:

పని మానమనలేదు. కాగితం మార్చమన్నాను.

ఇద్దరు పిల్లల తల్లి, రాయగడ:

కరపత్రం సంగతి ఎలా ఉన్నా, ఫొటోల సంగతి ఎవరూ ఎత్తడం లేదేమిటి? కిందటి ఏడు మా అమ్మాయి నోరు తెరిచి పాడుతున్న ఫొటోను ఈ ఏటి ఫ్లెక్సీ మీద ఇంత పెద్దది చేసి బస్టాండు దగ్గర కట్టారు. నన్ను ఒక్క మాట అడగలేదు. బడిలో పిల్లలు దాన్ని చూసి వెక్కిరిస్తే వారం రోజులు బడికి వెళ్ళనని ఏడ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో, ఫేస్‌బుక్ పేజీలో పేర్లతో సహా పెట్టేస్తున్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలంటుంది. చట్టం దాకా ఎందుకు, అడగడం మర్యాద కదా!

వెనక నుంచి తీయండి, చేతులు తీయండి, వాళ్ళు చేసిన కాగితపు పడవలు తీయండి. మా బాబు మట్టితో చేసిన ఓడలో ఏనుగు తొండం బయటికి వేలాడుతూ ఉంటుంది. ఆ ఒక్క ఫొటో స్టేటస్‌లో పెడితే మా వీధిలో నలుగురు అమ్మలు "ఇది ఎక్కడ నేర్పుతున్నారు?" అని నన్ను అడిగారు. అందులో ఎవరి ముఖమూ లేదు.

సండేస్కూలు అక్క, పర్లాకిమిడి:

మీరు ఫ్లెక్సీ అనగానే నాకు ఒక పరీక్ష తోచింది. ఈ ఉదయం నమూనా కాగితాన్ని మా వీధిలో మూడో తరగతి చదివే పాపకు ఇచ్చి చదవమన్నాను. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది, బడి ఒడియా మీడియం. కాగితం అటూ ఇటూ తిప్పింది. తేదీలు చదివింది. గంటలు చదివింది. ఫోను నంబరు పదంకెలూ చదివింది. ఆగిపోయి, బ్యాగు బొమ్మ మీద వేలు పెట్టి నా వంక చూసింది.

అప్పుడు అర్థమైంది. మేము రెండు వేల కాగితాలు పాతపట్నం వెళ్ళి మరీ వేయిస్తున్నాం, తెలుగు అక్షరాలు అక్కడ అందంగా వస్తాయని. చదవాల్సినవాళ్ళకు అందులో అంకెలు, బొమ్మలు తప్ప ఏమీ లేవు. మరి బహుమతి బొమ్మే మొత్తం కబురైపోక ఏమవుతుంది? వాళ్ళ అమ్మ తెలుగు చదువుతుంది. నాన్న రెండూ చదువుతాడు. ఆ కాగితం నిజానికి ఎవరికి రాస్తున్నామో మేమే తేల్చుకోలేదు.

సిరోంచ నుంచి ఒక సభ్యుడు:

ఇక్కడా అదే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మేము కాగితానికి ఒక వైపు తెలుగు, రెండో వైపు మరాఠీ వేస్తున్నాం. ఖర్చు కొంచెం పెరిగింది, అంతే. పిల్లలు మరాఠీ వైపు చదివి నానమ్మకు వినిపిస్తారు, నానమ్మ తెలుగు వైపు చూసి సరిచేస్తుంది.

కొండ మీది పాస్టరు, గజపతి జిల్లా:

ప్రియులకు వందనాలు. మా జిల్లాలో 2011 జనగణన ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులే, కాబట్టి పిల్లలు దొరకరన్న బెంగ మాకు లేదు. మా బాధ వేరు. ఏప్రిల్, మే నెలల్లో జీడిమామిడి రాలుతుంది. మా సవర పిల్లలు తెల్లవారకముందే అమ్మానాన్నల వెంట తోటకు వెళ్ళి పిక్కలు ఏరుతారు. ఆ రోజుల్లో ఉదయం ఏడింటికి వీబీఎస్ అని బంగారు బ్యాగు ఇస్తామన్నా ఎవరు వస్తారు? మూడేళ్లు నేను పిల్లలకు భక్తి తగ్గిందని వేదిక మీద నుంచి గద్దించాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఒక ముసలమ్మ లేచి "అయ్యగారూ, తోట కాపు అయ్యాక పెట్టండి" అంది. జూన్‌కు మార్చాం, సాయంత్రం నాలుగింటికి. అంతే.

ఇక అక్షరాల గొడవ మాకు ఇంకా ఎక్కువ. పెద్దలు సవర పాటలు రోమన్ లిపిలో చదువుతారు, పిల్లలకు బడిలో ఒడియా, సంతకు వెళితే తెలుగు. అందుకని కాగితమే మానేశాం. వీబీఎస్‌కు మూడు వారాల ముందు ఆదివారం ఒక కొత్త అభినయ గీతం సగం వరకే నేర్పుతాం. రెండో చరణం అక్కడే నేర్పుతామని చెప్పి పంపేస్తాం. వారం తిరిగేసరికి ఊరంతా అదే సగం పాట. బావి దగ్గర పాడతారు, మేకల వెనక పాడతారు. సంఘానికి రాని ఇంటి పిల్లలు కూడా "తరవాత ఏమిటి?" అని అడుగుతారు.

యూత్ బ్రదర్, గుణుపురం:

పాస్టరు గారూ, సగం పాట ఉపాయం నేను దొంగిలిస్తున్నాను, క్షమించాలి.

కానీ నా మాట మీద నేను ఉన్నాను. మీది కొండ ఊరు, అందరూ ఒకరినొకరు ఎరుగుదురు. మాది పట్నం. కొత్తగా అద్దెకు దిగిన ఇంటి పిల్లవాడి చెవిన మీ పాట ఎవరు వేస్తారు?

రిటైర్డు మాస్టారు, బరంపురం:

దానికి ఒక పాత సంగతి. ఇంగ్లాండులో గ్లోస్టర్ అనే పట్నం, 1780. రాబర్ట్ రేక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారమంతా పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లల కోసం బడి పెట్టించాడు. సండే స్కూలు అనగానే చెప్పుకునే పేరు ఆయనది. మూడేళ్ల తరవాత ఆ సంగతి తన సొంత పత్రికలోనే వేసుకున్నాడు. ప్రచారం ఆయనకూ తెలుసు, పట్నం గొడవా తెలుసు. పిల్లలు మంచి బట్టలు లేవని సిగ్గుపడి రాకపోతే ఆయన చెప్పిందేమిటంటే, ఉన్న బట్టలతోనే రండి, చేతులూ ముఖమూ కడుక్కుని తల దువ్వుకుంటే చాలు.

మా సంఘంలో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. అద్దె ఇంటి పిల్లవాడు గేటు దాకా వచ్చి ఆగిపోతాడు. వాడిని ఆపేది బ్యాగు లేకపోవడం కాదు. ఎటువంటి బట్టలు వేసుకు రావాలో తెలియదు, బైబిలు తేవాలో లేదో తెలియదు, కానుక వేయాలేమో అని భయం. కాగితం మీద ఆ మూడింటికీ జవాబు రాయండి. 'బైబిలు అక్కరలేదు. డబ్బులు అక్కరలేదు. ఇంట్లో వేసుకునే బట్టలు చాలు. అమ్మ కూడా వచ్చి వెనక కూర్చోవచ్చు.'

ఇద్దరు పిల్లల తల్లి, రాయగడ:

ఆ చివరి వాక్యం తప్పకుండా వేయండి. రాయగడ ఎండలో పిల్లను పది రోజులు ఎవరికి అప్పగిస్తున్నానో తెలియకుండా నేనైతే పంపను. ఎవరు నేర్పుతారు, ఎవరు ఇంటికి దిగబెడతారు, తాగడానికి ఏమి ఇస్తారు, ఇవి చెప్పండి. మజ్జిగ అని రాసినా చాలు.

యూత్ బ్రదర్, గుణుపురం:

మాస్టారి నాలుగు వాక్యాలకు ఒప్పుకుంటాను. బహుమతి కాగితం మీద నుంచి తీసేస్తాను. ఆఖరి రోజు మాత్రం ఇస్తాను, వచ్చిన ప్రతివారికీ ఒకే రకంది. దాన్ని ఎవరూ మాన్పించలేరు. ఆటో కూడా తిప్పుతాను, బ్యాగుల సంగతి చెప్పకుండా సగం పాట పాడిస్తూ.

సండేస్కూలు అక్క, పర్లాకిమిడి:

ఆఖరి రోజు ఇవ్వడం గురించి నాకు ఇంకా మనసు కుదరలేదు బ్రదర్. ఒక్కసారి ఇచ్చాక మరుసటి ఏడు ఊరే మనకు ప్రచారం చేసి పెడుతుంది, అచ్చు వేయకపోయినా. ఇస్తే వాళ్ళు చేసిన వస్తువే వాళ్ళకు ఇచ్చి పంపాలని నా పట్టు. కమిటీలో దాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

కాగితం మాత్రం తేలింది. రెండు వేలు కాదు, మూడు వందలు. ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు, మాస్టారి వాక్యాలు, టీచర్ల పేర్లు, మజ్జిగ. మిగిలిన డబ్బుతో మట్టి, రంగులు కొంటున్నాం. పిలుపు కార్డులు పిల్లలే చేస్తున్నారు. పాత క్రిస్మస్ కార్డుల వెనక అట్ట కత్తిరించి, పిలవాలనుకున్న స్నేహితుల పేరు వాళ్ళకు వచ్చిన అక్షరాల్లో రాస్తారు. ఆ పేరు వాళ్ళే రాయాలి, మేము దిద్దము. రెండు పెన్సిళ్ల పాప నిన్న వచ్చి నాలుగు కార్డులు పట్టుకెళ్ళింది.

అట్టలు ఇంకో నలభై దాకా తక్కువ ఉన్నాయి. పాతపట్నం నుంచి శనివారం ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇంట్లో అటక మీద ఉన్న పాత కార్డులు తెచ్చిపెట్టండి. మెరుపులు అంటించినవి వద్దు, కత్తెర ఆగిపోతోంది.