బ్రెజిల్‌లో బడి భోజనానికి చిన్న రైతుల పంట: ఈ కొనుగోలు నిజంగా ఎలా జరుగుతుంది?

మెట్టసేద్యం:
బ్రెజిల్‌లో బడి పిల్లల భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో రైతు కుటుంబాల దగ్గరే సరుకు కొనాలని 2009లో చట్టం చేశారు. 2026 జనవరి నుంచి దాన్ని 45 శాతానికి పెంచారు. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రభుత్వ కొనుగోలు అనగానే నాకు గుర్తొచ్చేది టెండరు, ధరావతు, అందరికంటే తక్కువ ధర వేసినవాడికి పని. చిన్న కమతం ఉన్న రైతు ఆ వరుసలో ఎక్కడ నిలబడతాడు? పెద్ద వ్యాపారి రైతుల పేర్లు రాసి తన సరుకే తోలేస్తే అడిగేదెవరు? దగ్గర నుంచి చూసినవారు ఉంటే చెప్పండి. పొగడ్తలు వద్దు, పని ఎలా సాగుతుందో కావాలి.

లెక్కలపుస్తకం:
పరానా రాష్ట్రంలో ఒక చిన్న రైతు సహకార సంఘానికి లెక్కలు రాస్తుంటాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక దొరికిన ఉద్యోగం. బిల్లులన్నీ నా చేతి మీదుగానే వెళతాయి కాబట్టి చెప్పగలను.

ముందు మీ టెండరు సంగతి. ఈ కొనుగోలుకు టెండరు అక్కరలేదని ఆ చట్టంలోనే ఉంది. దాని బదులు మునిసిపాలిటీ ‘షమాదా పుబ్లికా’ అనే బహిరంగ ప్రకటన వేస్తుంది. ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఏ వారం, ఏ బడికి, కిలో ఎంత అన్నీ అందులో ముందే ఉంటాయి. స్థానికంగా కనీసం మూడు చోట్ల ధరలు వాకబు చేసి, సగటు తీసి, రవాణా, ప్యాకింగు ఖర్చులు కలిపి ఆ ధర కడతారు. అంటే ధర తగ్గించి ఒకరి నోటి దగ్గర కూడు ఇంకొకరు లాక్కునే పోటీ ఉండదు. ఎక్కువ మంది ముందుకొస్తే మొదట ఆ ఊరి రైతులకు, తర్వాత చుట్టుపక్కల వారికి అవకాశం. వారిలోనూ భూసంస్కరణల కింద భూమి పొందినవారు, ఆదివాసులు, కిలొంబోలా సముదాయాలు (బానిసత్వం నుంచి తప్పించుకుని స్వతంత్రంగా ఊళ్లు కట్టుకున్న నల్లజాతివారి సంతతి) ముందు వస్తారు. 2023లో చట్టం సవరించి మహిళా బృందాలనూ ఆ వరుసలో చేర్చారు. ఒక కుటుంబం నుంచి నేరుగా కొంటే అందులో కనీసం సగం ఇంటి ఆడమనిషి పేరు మీద ఉండాలి. మా సంఘంలో కొందరు మగవాళ్లు దీనికి చాలా రోజులు మూతి ముడుచుకున్నారు లెండి.

ఇక దొంగ పేర్లు. ఒక్కో కుటుంబం ఒక్కో కొనుగోలు సంస్థకు ఏడాదికి 40,000 రెయాయిస్‌కు (రెయాల్ ఇక్కడి డబ్బు) మించి అమ్మకూడదు. సంఘం తరఫున అమ్మినా ఏ కుటుంబం ఎంత ఇచ్చిందో వాళ్ల నమోదు సంఖ్యతో సహా రాయాలి. ఆ పట్టిక రాసేది నేనే. దొంగదారులు అసలే లేవని అనను. కానీ ఒక్క వ్యాపారి పెద్ద మొత్తం మింగాలంటే చాలా కుటుంబాలను కూడగట్టుకోవాలి, అది దాగదు. ఒక మాట: ఇక్కడ ‘కుటుంబ సేద్యం’ అంటే మనం ఊహించేంత చిన్నది కానక్కరలేదు. 2006 చట్టం ప్రకారం నాలుగు మాడ్యూళ్ల (ఇక్కడి భూమి లెక్క) దాకా భూమి ఉండవచ్చు. ఒక మాడ్యూలు ఊరిని బట్టి 5 హెక్టార్ల నుంచి 110 హెక్టార్ల దాకా ఉంటుంది. పనిలో ఎక్కువ భాగం ఇంటివాళ్లు చేయడం, రాబడి ప్రధానంగా ఆ భూమి నుంచే రావడం ముఖ్యం.

ఇంతవరకూ కాగితం. నన్నడిగితే రైతు సరుకు బడికి చేరుతుందా లేదా అన్నది మెనూ రాసే బల్ల దగ్గరే తేలిపోతుంది. ప్రతి మునిసిపాలిటీ ఒక పోషకాహార నిపుణురాలినో నిపుణుడినో పెట్టుకుని తీరాలి. మెనూ రాసేది వారే. మా దగ్గర పొంకన్ కమలాలు మే నుంచి జూలై దాకా విరగకాస్తాయి. ఆ నెలల్లో మెనూలో ఆపిల్ అని రాస్తే మా రైతులకు ఒరిగేది ఏమీ లేదు, ప్రకటనలో 45 శాతం అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా సరే. మేలో రాసినా జూలైలో బడులకు సెలవులు, కమలాలు మాత్రం చెట్టున ఆగవు. జనవరి వానలకు పాలకూరలా పలుచగా ఉండే లెట్యూస్ ఆకు కుళ్లిపోతుంది, అప్పుడు ఎలాగూ సెలవులే. ఇప్పుడున్న నిపుణురాలు ప్రకటన రాసే ముందు ఏ నెలలో ఏ పంట అని మమ్మల్ని అడిగి పట్టిక తీసుకుంటోంది. అంతకుముందున్నవారు అడిగేవారు కాదు. రెండు ఏళ్ల బిల్లులు పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది.

రెండో తలనొప్పి రవాణా. ఆకుకూర ప్రతి సోమవారం ప్రతి బడికీ అని రాసేస్తారు. ఊరి చివర మట్టిరోడ్డు మీద ఉన్న బడికి కావలసింది నాలుగు కిలోలు. అక్కడ వంటావిడ క్రేటు దింపించి, తూకం వేసి, లెట్యూస్ మొదలు బొటనవేలితో నొక్కి చూస్తుంది. ముదిరిందనిపిస్తే పక్కన పెడుతుంది, మారుమాట ఉండదు. ఆమె సంతకం లేని రసీదుకు డబ్బు రాదు. ఆ నాలుగు కిలోల కోసం ట్రక్కు తాగిన డీజిలు లెక్క రాసేటప్పుడు నాకు చిరాకే. ఇప్పుడు ఆ బడికి క్యాబేజీ, క్యారెట్, కర్రపెండలం లాంటి నిలవుండేవి పదిహేను రోజులకోసారి ఇచ్చేలా మార్పించుకున్నాం.

సుద్దముక్క:
శాతాల గురించి అంత సంబరం అక్కరలేదేమో. ఆ 30 గానీ 45 గానీ కేంద్రం పంపే డబ్బు మీదే కదా? ఆ డబ్బు ఎంతో కూడా చెప్పండి. పైగా ఆ 30 కూడా అందుకోని మునిసిపాలిటీలు చాలానే ఉన్నాయి.

లెక్కలపుస్తకం:
నిజమే, కేంద్రం పంపే డబ్బు మీదే. 2023లో పెంచినప్పుడు సాధారణ బడుల్లో పిల్లవాడికి రోజుకు 36 సెంతావోలు (రెయాల్‌లో నూరో వంతు) ఉన్నది 50 సెంతావోలు అయింది. అందులో అప్పటి 30 శాతం అంటే 15 సెంతావోలు! మిగతా ఖర్చు మునిసిపాలిటీ, రాష్ట్రం భరిస్తాయి. వాటి సొంత డబ్బుకు ఈ నిబంధన వర్తించదు. అయినా దేశం మొత్తం మీద సుమారు 4 కోట్ల మంది పిల్లలు కాబట్టి చిల్లర కూడా పెద్ద మొత్తమే అవుతుంది. మా సంఘానికైతే బడి సంవత్సరమంతా ముందే తెలిసిన ధరకు అమ్ముడుపోయేది ఇదొక్కటే. డబ్బు మాత్రం ఆలస్యమవుతుంది. ఒక మునిసిపాలిటీ రెండు నెలలు తిప్పించుకుంది, ఆ రెండు నెలలూ రైతుల ఫోన్లు నాకే.

అందుకోకపోవడానికి చట్టమే కొన్ని సందులు ఇచ్చింది. బిల్లు ఇచ్చే వీలు లేకపోయినా, సరఫరా క్రమంగా రాదనుకున్నా, పరిశుభ్రత చాలకపోయినా ఆ శాతం నుంచి మినహాయింపు ఉంది. కొన్నిచోట్ల నిజంగానే సరుకు ఉండదు. కొన్నిచోట్ల వెతకరు.

మెట్టసేద్యం:
చాలా ఉపయోగపడింది, లెక్కలపుస్తకం గారూ. గుడ్లు, పాలు కూడా ఇలాగే కొంటారా?

లెక్కలపుస్తకం:
కొనవచ్చు, కానీ అక్కడ ముద్ర గొడవ. పశు ఉత్పత్తులకు తనిఖీ ముద్ర తప్పనిసరి. మునిసిపాలిటీ ఇచ్చే ముద్ర మామూలుగా ఆ ఊరి సరిహద్దు వరకే చెల్లుతుంది. అవతలికి అమ్మాలంటే రాష్ట్ర ముద్రో కేంద్ర ముద్రో, లేదా వాటితో సమానమని గుర్తించిన ఏర్పాటో ఉండాలి. మా సంఘంలో కోళ్లు పెంచే కుటుంబాలు సొంత ఊరి బడులకు గుడ్లు ఇస్తున్నాయి. వాగు దాటితే పక్క మునిసిపాలిటీ, అక్కడి బడికి మాత్రం ఇవ్వలేకపోతున్నాయి. ఆ బడికి గుడ్లు ఎక్కడో దూరాన ఉన్న పెద్ద ఫారం నుంచి లారీలో వస్తున్నాయి. గుర్తింపు కోసం కాగితాలు పెట్టాం, ఇంకా తేలలేదు.